ఒకే టైల్, ముగ్గురి చేతుల్లో మూడు మందాలు: తప్పు రాయిదా, కొలతదా?

చీమకుర్తి_క్యూసీ | సోమవారం, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో ఒక గ్రానైట్ టైల్స్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తన్నా. చేరి ఏడు నెలలయింది. అంతా గెలాక్సీ రాయే (నల్ల గ్రానైట్). సైజు 305 బై 305, మందం 10 మి.మీ. ఆర్డర్ ప్రకారం అటూ ఇటూ అర మిల్లీమీటర్ దాకా పర్లేదు, అంటే 9.5 నుంచి 10.5.

ఈమధ్య పంపిన కంటైనర్‌లో నూటికి పదకొండు టైల్స్ కొలతకు బయటున్నాయని సరుకు కొన్నోళ్లు మెయిల్ పెట్టారు. మా రిజిస్టర్ తిరగేస్తే ఒక్కటి కూడా బయట లేదు. వాళ్లన్నా అబద్ధం చెప్పాలి, మేమన్నా చెప్పాలి.

నిన్న ఒక పని చేశా. ఒకే టైల్ తీసుకుని పగటి చెకర్ చేత, రాత్రి చెకర్ చేత కొలిపించి, నేనూ కొలిచా. 10.08, 10.31, 9.94 వచ్చినయ్. అదే టైల్, అదే డిజిటల్ కాలిపర్ (రెండు దవడల మధ్య పట్టి మందం చూసే పరికరం). మా ఓనరేమో “ఎండకి కాలిపర్ సాగుద్దిరా” అంటన్నాడు. నిజమేనా? కొత్త కాలిపర్ కొనమంటే ముందు కారణం చెప్పమంటన్నాడు.

పొదలకూరు_లేత్ | సోమవారం, రాత్రి 10:40

ఎండకా! లెక్కేద్దాం రా అబ్బాయ్. ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీ వేడికి పదకొండున్నర మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) సాగుద్ది. నువ్వు కొలిచేది 10 మి.మీ., అంటే మీటర్‌లో నూరో వంతు. 20 డిగ్రీల నుంచి మన మే నెల 44కి పోయినా పెరిగేది 24 డిగ్రీలు. మొత్తం మీద మూడు మైక్రాన్లు కూడా కాదు. పైగా రాయి కూడా కాస్త సాగుద్ది కాబట్టి తేడా ఇంకా తక్కువ. నీకొచ్చిన తేడా 370 మైక్రాన్లు. ఎండని వదిలెయ్ పాపం, దానికి మనూళ్లో ఇప్పటికే చెడ్డపేరు ఉండాది.

నెల్లూరులో లేత్ షాపు నాది, ముప్పై ఏళ్లుగా నడుపుతుండా. కాలిపర్ కంటే దాన్ని పట్టుకున్న చెయ్యి మీద నాకు అనుమానం.

జొన్నవాడ_అమ్మాయి | సోమవారం, రాత్రి 11:05

నేను చెన్నైలో కొలత పరికరాల ల్యాబ్‌లో పనిచేస్తాను. లేత్ అన్న 20 డిగ్రీల నుంచి ఎందుకు లెక్కేశాడో తెలియని వాళ్లకి: పొడవులన్నీ 20 డిగ్రీల దగ్గరే చెప్పుకోవాలని 1931లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. డ్రాయింగ్ మీద 10 మి.మీ. అని ఉందంటే 20 డిగ్రీల దగ్గర 10 అని అర్థం.

సరే తమ్ముడూ, ముందిది చెప్పు. కాలిబ్రేషన్ చివరిసారి ఎప్పుడు చేయించారు?

చీమకుర్తి_క్యూసీ | సోమవారం, రాత్రి 11:11

రోజూ చేస్తన్నాం అక్కా. రెండు షిఫ్టులూ. మూడు హెడ్లు నడుస్తాయి.

జొన్నవాడ_అమ్మాయి | సోమవారం, రాత్రి 11:13

కాలిపర్‌కి హెడ్లేంటి??

కంటైనర్_బాబాయ్ | సోమవారం, రాత్రి 11:20

హహ్హహ్హ. అమ్మాయ్, మా టైల్స్ వాళ్ల భాషలో కాలిబ్రేషన్ అంటే రాయి వెనకవైపు డైమండ్ హెడ్లతో అరగదీసి మందం సమానం చెయ్యడం. నువ్వడిగేది కాలిపర్‌ని సరిచూపించడం. మాట ఒకటే, పనులు రెండు. ఓసారి ఆడిట్‌కి వచ్చినాయన ఇదే ప్రశ్న అడిగితే మావోళ్లు ఆయన్ని తీసుకెళ్లి మెషిన్ దగ్గర నిలబెట్టారు. స్లర్రీ (రాతిపొడి కలిసిన నీళ్లు) చింది చొక్కా పాడయింది గానీ జవాబు మాత్రం రాలేదు.

ఇక అసలు విషయం. ఇరవై ఏళ్లుగా ఎక్స్‌పోర్ట్‌లో ఉన్నా. ఇదంతా రేటు కొయ్యడానికి వేసే ఎత్తు. కంటైనర్ రేవు దాటాక సరుకు వెనక్కి రాదని వాడికీ తెలుసు, మనకీ తెలుసు. ఐదు శాతం తగ్గించి ఫైలు మూసెయ్యండి. కొలతలూ పరిశోధనలూ అంటూ కూర్చుంటే రెండో ఆర్డర్ పక్క యూనిట్‌కి పోద్ది.

చీమకుర్తి_క్యూసీ | సోమవారం, రాత్రి 11:32

అక్కా సారీ 🙏 కాలిపర్‌ని ఎప్పుడూ సరిచూపించలేదు. కొన్నప్పుడు డబ్బాలో ఒక కాగితం ఉండేదంట. ఆ డబ్బాలో ఇప్పుడు రబ్బరు బ్యాండ్లు ఉన్నయ్.

ఉలవపాడు_మేస్త్రి | మంగళవారం, ఉదయం 6:15

నాదొక సందేహం. నేను పాతికేళ్ల నుంచి రాళ్లు పరుస్తన్నా. 10 రాయి 11 వచ్చినా మనకి ఏం పట్టింపు లేదే? కింద ఇసక సిమెంటు మాలు వేస్తాం, సుత్తితో నాలుగు తట్టి లెవెల్ చేస్తాం. వాళ్లకెందుకు అంత నొప్పి?

కంటైనర్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 7:02

మేస్త్రీ, నువ్వేసే మాలు అంగుళం పైనే ఉంటది. అది అన్ని తప్పుల్నీ మింగుతుంది. అక్కడ రాతి కింద గమ్ము, అదీ మూడు నాలుగు మిల్లీమీటర్లే, పళ్ల గరిటెతో లాగుతారు. ఒక రాయి 9.6, పక్క రాయి 10.4 అయితే ఆ గమ్ములో సర్దడానికి జాగా ఉండదు. జాయింట్ దగ్గర మెట్టు లేస్తది. పాలిష్ రాయి కదా, కిటికీలోంచి వెలుగు పడితే ఆ మెట్టు నీడ రూమంతా కనపడుద్ది. వాళ్లడిగే కొలత న్యాయమే, అది నేను కాదనను. పదకొండు శాతం అనే అంకె దగ్గరే నాకు అనుమానం.

ఉలవపాడు_మేస్త్రి | మంగళవారం, ఉదయం 7:10

అట్టా చెప్పు. కాలి బొటనవేలికి తగిలేది ఆ మెట్టే. అర్థమయింది.

ఒంగోలు_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:25

మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అబ్బాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. ఆ మూడు అంకెల్లో రెండు రకాల తేడాలు కలిసిపోయి ఉంటాయి: రాయిలో ఉన్న తేడా, కొలవడంలో వచ్చిన తేడా. వాటిని విడదీయకుండా మెషిన్ మీద చెయ్యి వేస్తే ఉన్నదీ చెడుతుంది.

విడదీయడానికి పాత పద్ధతి ఒకటుంది, గేజ్ ఆర్ అండ్ ఆర్ అంటారు. పది టైల్స్ తీసుకోండి. ఏరి మంచివి తీసుకోవద్దు. లావు, సన్నం అన్నీ కలవాలి. ప్రతి దాని మీదా ఒకే చోట మార్కర్‌తో చుక్క పెట్టండి. ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు రెండేసి సార్లు, వరస మార్చి మార్చి కొలవాలి. ముందు ఎంత వచ్చిందో కొలిచేవాడికి తెలియకూడదు. మొత్తం అరవై రీడింగులు. ఒకే మనిషి రెండుసార్లలో వచ్చే తేడా ఒక లెక్క, మనిషికీ మనిషికీ మధ్య తేడా ఇంకో లెక్క. ఈ రెండూ కలిపిన చెదురు, మొత్తం చెదురులో పదో వంతు లోపుంటే కొలత బావున్నట్టు. మూడు పదుల శాతం దాటితే ఆ కొలతతో నిర్ణయాలు తీసుకోకూడదు.

ఇంకో చిన్న పని. మీ రిజిస్టర్‌లో పాత అంకెలు ఉన్నాయిగా, ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీయండి. ముఖ్యంగా 9.50 దగ్గర.

పొదలకూరు_లేత్ | మంగళవారం, రాత్రి 9:50

మాస్టారు ఆ ఆఖరి మాట ఊరికే అన్లేదు. నాకు నవ్వొస్తుండాది. రాత్రికే గియ్యి అబ్బాయ్.

బెల్ట్_గురు | మంగళవారం, రాత్రి 10:01

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ | మంగళవారం, రాత్రి 10:20

రెండు రోజుల్లో సిక్స్ సిగ్మా బెల్టు (క్వాలిటీ కోర్సు సర్టిఫికెట్) ఇప్పిస్తామనే ప్రకటనలు ఇక్కడ వద్దు. ప్యాంటు జారిపోతోందని ఎవరూ అడగలేదు.

చీమకుర్తి_క్యూసీ | బుధవారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, గీశాను. సిగ్గుగా ఉంది. 9.60 దగ్గర కొద్ది, 9.55 దగ్గర కొద్ది, 9.50 దగ్గర ఒక్కసారిగా 41. 9.49 ఒక్కటీ లేదు. 9.48 లేదు. కొండ అంచు తెగ్గొట్టినట్టుంది బొమ్మ.

రాత్రి చెకర్‌ని పక్కకి పిలిచి అడిగా. “9.47 రాస్తే సూపర్‌వైజర్ తిడతాడు, మళ్లీ కొలిస్తే 9.50 వస్తది గదా, వచ్చేదాకా కొలుస్తా” అన్నాడు. వాడు అబద్ధం రాయలేదు మాస్టారూ. నిజంగానే మళ్లీ కొలిస్తే వస్తది.

ఒంగోలు_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 2:10

అతన్ని ఏమీ అనకండి. గీత దగ్గర చెయ్యి వణకడం ప్రపంచంలో ప్రతి ఇన్‌స్పెక్టరుకీ ఉన్న జబ్బే. గీత దాటిన ప్రతిసారీ తిట్లు పడే చోట అంకెలు గీత లోపలికే జరుగుతాయి. మళ్లీ కొలిస్తే వేరే అంకె వచ్చే పరికరం చేతిలో ఉంటే అంతకన్నా సుఖం ఏముంది?

మొలగొలుకులు | బుధవారం, సాయంత్రం 5:45

మధ్యలో దూరుతుండా, ఏమనుకోవద్దు. కోవూరు వైపు వరి మాది. తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు గదా. పోయిన సీజన్‌లో మా ఇంటి దగ్గర మీటర్‌లో 16.6 వచ్చింది, కొనేకాడ 17.4. ట్రాక్టర్ వెనక్కి తిప్పి రెండ్రోజులు కళ్లంలో ఎండబోశా. మూడోనాడు అక్కడే 16.9, ఇంటి మీటర్‌లో 15.5. ఆరిన తేమ బరువంతా మాకు నష్టమే. పుట్టికి 850 కిలోలు తూచి ఇయ్యాల, ఒక్క శాతం తేమ అంటే ఎనిమిది కిలోల పైమాటే. మా వడ్లకీ నీ రాళ్లకీ రోగం ఒకటే మాదిరి ఉండాదే!

జొన్నవాడ_అమ్మాయి | బుధవారం, సాయంత్రం 6:30

ఒకటే రోగం బాబాయ్. తేమ మీటర్ నిజంగా నీళ్లను తూచదు, గింజలో కరెంటు ఎట్టా పారుతుందో చూసి తేమ ఊహిస్తుంది. గింజ వేడిగా ఉంటే అంకె మారుతుంది. కళ్లంలోంచి ఎండలో తెచ్చిన గింజల్ని అప్పటికప్పుడు పోస్తే ఒకటి, నీడలో గంట పెట్టి పోస్తే ఇంకోటి. ఓవెన్‌లో ఎండబెట్టి ముందూ వెనకా తూచేదే అసలు లెక్క. మీటర్లన్నీ దాన్ని చూసి దిద్దుకోవాల్సినవే. ఒకే సంచిలో గింజల్ని రెండు మీటర్లలోనూ, మూడేసి సార్లు, అక్కడే అందరి ముందూ కొలవమని అడుగు. సగం గొడవ అక్కడే తేలుద్ది.

చీమకుర్తి_క్యూసీ | గురువారం, రాత్రి 11:48

అరవై రీడింగులూ అయినయ్. ఎక్సెల్‌లో వేశా, మాస్టారు ఫోన్‌లో సరిచూశారు.

ఒకే మనిషి మళ్లీ కొలిస్తే వచ్చే చెదురు, సిగ్మా (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) 0.09 మి.మీ. మనిషికీ మనిషికీ మధ్య 0.08. రెండూ కలిపితే 0.12 (వర్గాలు చేసి కూడాలంట, నేను మొదట ఊరికే కూడేసి 0.17 అన్నా). ఈ పది టైల్స్‌లో కనిపించే మొత్తం చెదురు 0.20. అంటే అరవై శాతం! ముప్పై దాటితే పనికిరాదన్నారు, మేం దానికి రెండింతలున్నాం.

జొన్నవాడ_అమ్మాయి | శుక్రవారం, ఉదయం 8:20

ఇప్పుడు కంటైనర్ బాబాయ్ గొడవకి వద్దాం. సిగ్మా 0.12 అంటే, ఏ ఒక్క రీడింగ్‌నైనా నువ్వు అటూ ఇటూ 0.24 దాకా (సిగ్మాకి రెండింతలు) నమ్మలేవు. ఇలాంటప్పుడు ఎవరు ఏం నిరూపించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 14253. అమ్మేవాడు “సరుకు మంచిదే” అనాలంటే తన కొలత సందేహాన్ని హద్దులోంచి తీసెయ్యాలి. అంటే నీకు 9.5 నుంచి 10.5 కాదు, 9.74 నుంచి 10.26 మాత్రమే. కొనేవాడు “చెడ్డది” అనాలంటే వాడి సందేహాన్ని హద్దుకి బయట కలుపుకోవాలి. మధ్యలో పడినవి ఎవరూ ఏమీ అనలేని టైల్స్.

కాబట్టి బాబాయ్, వాళ్లని అడగాల్సిన ప్రశ్న “ఎందుకు తగ్గించమంటున్నారు” కాదు. “మీరు దేంతో, టైల్ మీద ఎక్కడ కొలిచారు, మీ కొలత సందేహం ఎంత” అని.

కంటైనర్_బాబాయ్ | శుక్రవారం, ఉదయం 9:05

ఇరవై ఏళ్లలో ఈ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. ఒప్పుకుంటున్నా. అబ్బాయ్, మీ ఓనరు చేత మెయిల్ పెట్టించు.

పొదలకూరు_లేత్ | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

కాలిపర్ సంగతి చెప్తా విను. దాని స్కేలు ఒకచోట, దవడలు ఇంకోచోట. బొటనవేలితో నొక్కినప్పుడు జారే దవడ పిసరంత వాలుద్ది. ఆ వాలు దవడ చివరికొచ్చేసరికి పెద్దదవుద్ది. కొలిచే వస్తువూ స్కేలూ ఒకే గీత మీదుండాలని అబ్బే అనే జర్మనాయన 1890లోనే చెప్పినాడు. స్క్రూ తిప్పి కొలిచే మైక్రోమీటర్‌లో అట్టా ఉంటాయి, కాలిపర్‌లో ఉండవు. దాన్ని దానిమానాన తిట్టడం ఎందుకులే, అది గబగబా చూసుకునేదానికి పుట్టింది.

రెండోది. టైల్ వెనక స్లర్రీ ఎండి అంటుకుని ఉంటదా? వేలితో రాసి చూడు, పిండి మాదిరి వస్తదా?

మూడోది. ఎక్కడ కొలుస్తుండారు? వీడియో తియ్యి.

చీమకుర్తి_క్యూసీ | శుక్రవారం, రాత్రి 9:40

వీడియో పెట్టా, ముఖాలు లేకుండా. చూడండి, నేను కూడా ఇప్పుడే గమనించా. లైన్ మీదనుంచి టైల్ వస్తది, చెకర్ ఎడం చేత్తో ఎత్తుతాడు, కుడి చేత్తో తన వైపున్న అంచుని పట్టి కాలిపర్ పెడతాడు. ఎప్పుడూ తన వైపు అంచే. అవతలి అంచు ఈ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా కొలవలేదు. కాలిపర్ దవడ నాలుగు సెంటీమీటర్లే, మధ్యలోకి ఎటూ పోదు.

స్లర్రీ ఉంది లేతన్నా. గోరుతో గీకితే బూడిద రంగు పొర ఊడొచ్చింది. గీకక ముందు 10.22, గీకి తుడిచాక 10.13.

కొన్నోళ్ల జవాబు కూడా వచ్చింది. నాలుగు మూలలు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు చోట్ల డయల్ గేజ్‌తో (ముల్లు తిరిగి కొలత చూపించేది) కొలిచారంట. ఐదింట్లో ఏ ఒక్కటి బయటున్నా టైల్ మొత్తం చెడ్డ కిందే.

పొదలకూరు_లేత్ | శుక్రవారం, రాత్రి 10:05

తేలిపోయింది. ఇక కాలిపర్‌ని జేబులో పెట్టు. డయల్ గేజ్ స్టాండ్ కట్టుకుందాం. పైన డయల్, గుండ్రటి బంతి మొన. కింద కూడా అట్టాంటిదే ఒక బంతి, రెండూ ఎదురెదురుగా. టైల్ మధ్యలో దూరుద్ది, రెండు బంతులు రెండు వైపులా ముట్టుకుంటయ్. స్ప్రింగ్ నొక్కే బలం ఎప్పుడూ ఒకటే, మనిషి బొటనవేలితో పన్లేదు. కింద దిమ్మెకి మీ యార్డ్‌లో పగుల్లేని నల్లరాయి ముక్క చూసుకో. బేస్ ఇనుముది వద్దు, తడికి తుప్పు పడుద్ది.

ఒక ముచ్చట చెప్పనా. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు అమెరికాలో ఇనుము కరువై, ఇన్‌స్పెక్షన్ బల్లలకి గ్రానైట్ వాడటం మొదలుపెట్టినారు. ఇనుము కంటే మేలని తేలింది. దెబ్బ తగిలితే ఇనుము గట్టు లేపుద్ది, రాయి గుంట పడుద్ది అంతే, పైన పెట్టిన వస్తువు కదలదు. ఇప్పుడు లోకమంతా మైక్రాన్లు కొలవాలంటే నల్లరాతి బల్ల మీదే పెడతారు. నల్లరాతి గని పక్కన కూర్చుని నల్లరాయిని కొలవలేకపోతే ఎట్టబ్బాయ్!

పలకల_పెద్దాయన | శనివారం, ఉదయం 7:30

మార్కాపురం నుంచి. మా పలకల కార్ఖానాల్లో మీటర్లూ లేవు, గేజులూ లేవు. పలకని రెండు వేళ్ల మధ్య వేలాడదీసి మేకుతో చిన్నగా కొట్టేవాళ్లం. ఖంగున మోగితే మంచిది. డొల్లగా, పగిలిన కుండ మాదిరి మోగితే లోపల చీలిక. కంటికి కనపడని చీలికని చెవి పట్టేది. మీ టైల్స్‌కి అట్టాంటిది చూస్తారా, లేక మందం ఒక్కటేనా?

ఒంగోలు_మాస్టారు | శనివారం, ఉదయం 8:40

పెద్దాయనా, మీరు చేసింది అచ్చమైన పరీక్షా శాస్త్రమే. చీలిక ఉన్న వస్తువు తక్కువ స్థాయిలో మోగుతుంది, మోత కూడా తొందరగా చచ్చిపోతుంది. ఇప్పుడు మైక్రోఫోన్ పెట్టి ఆ మోతని కంప్యూటర్‌తో విడదీస్తున్నారు, అల్ట్రాసౌండ్ రాయిలోంచి ఎంత వేగంగా దూసుకుపోతుందో చూస్తున్నారు. చెయ్యి మాత్రం మీదే. మందం సరిగ్గా ఉన్న టైల్‌లో జుట్టుపగులు ఉండొచ్చు, ఈ అబ్బాయి ఆ పరీక్ష కూడా చెయ్యాలి. కానీ ఒక్కో జబ్బుకి ఒక్కో మందు, ముందు మందం కానివ్వండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మెషిన్ ఆపరేటర్ హెడ్ ఎత్తు మార్చే చక్రాన్ని ఎప్పుడు తిప్పుతాడు?

చీమకుర్తి_క్యూసీ | శనివారం, మధ్యాహ్నం 1:15

చెకర్ “పది పైన వచ్చింది” అంటే చక్రం కాస్త కిందికి, “పదికి తగ్గింది” అంటే పైకి. గంటకి ఏడెనిమిది సార్లు. చాలా శ్రద్ధగల మనిషి మాస్టారూ, ఒక్క నిమిషం కూర్చోడు.

ఒంగోలు_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 2:30

శ్రద్ధే ఇక్కడ శత్రువైంది. చూడండి: మెషిన్ నిలకడగా ఉన్నా ఒక టైల్ కాస్త లావు, ఒకటి కాస్త సన్నం వస్తాయి. అది దాని స్వభావం. 10.15 వచ్చిందని మీరు 0.15 కిందికి దించితే, వచ్చే టైల్ దాని స్వభావం కొద్దీ ఎలాగూ 9.90 రావాల్సింది అనుకోండి, అది 9.75 అవుతుంది. మీరు పాత టైల్ తప్పుని కొత్త టైల్‌కి అంటగట్టారు. నిలకడగా ఉన్న యంత్రాన్ని ప్రతి రీడింగ్‌కీ అంతకంత సరిదిద్దితే వేరియన్స్ (సిగ్మా వర్గం) సరిగ్గా రెట్టింపవుతుంది, అంటే సిగ్మా 1.41 రెట్లు. క్వాలిటీ పాఠాలు చెప్పిన అమెరికా ఆయన డెమింగ్ తన తరగతుల్లో గరాటులోంచి గోళీలు జారవిడిచి చూపించేవాడు దీన్నే. మీ దగ్గర కొలత చెదురే మొత్తం చెదురులో అరవై శాతం, ఆ కొలతని నమ్మి తిప్పుతున్నారు.

ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు చేతులు కట్టుకోవాలి అనే ప్రశ్నకి షూహార్ట్ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త 1924 మే 16న బెల్ ఫోన్ల కంపెనీలో తన పైఅధికారికి ఒక పేజీ కాగితం రాసిచ్చాడు. కంట్రోల్ చార్ట్ అక్కడ పుట్టింది. అరగంటకి ఐదు టైల్స్, వాటి సగటు, వాటి రేంజ్ (పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే వచ్చేది). సగటు రేంజ్‌ని 0.577తో హెచ్చించి నడిమి గీతకి (సగటులన్నిటి సగటు) అటూ ఇటూ గీతలు గీయండి. సగటు చుక్క ఆ గీతలు దాటితేనో, వరసగా ఒకే వైపు పేరుకుంటేనో చక్రం ముట్టుకోండి. లేదంటే ముట్టుకోవద్దు.

ముందు ఒక షిఫ్ట్ అంతా అసలు తిప్పకుండా నడపండి. కొలవండి, రాయండి, అంతే.

కంటైనర్_బాబాయ్ | శనివారం, మధ్యాహ్నం 2:55

షిఫ్ట్ అంతా తిప్పకపోతే సరుకు పాడైతే ఎవరిస్తారు మాస్టారూ డబ్బులు?

ఒంగోలు_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:05

ఇప్పుడు తిప్పుతూ పాడు చేస్తున్నదానికి ఎవరిస్తున్నారు?

చీమకుర్తి_క్యూసీ | మంగళవారం, రాత్రి 10:30

ఆదివారం రాత్రి షిఫ్ట్. ఆపరేటర్‌ని బతిమాలి చక్రానికి గుడ్డ చుట్టి కట్టా. మూడుసార్లు విప్పబోయాడు, టీ తెప్పించా. పొద్దునకి లెక్క తేలింది: పాత కాలిపర్‌తోనే, చుక్క పెట్టిన చోటే, మొత్తం సిగ్మా 0.20 నుంచి 0.15కి దిగింది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే! ఆపరేటర్ నమ్మలేదు. “అయితే ఇన్నాళ్లూ నేను చేసింది ఏంది?” అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

సోమవారం లేతన్న స్టాండ్ ఇచ్చాడు (డబ్బులు తీసుకోలేదు, ఒక టైల్ అడిగాడు). టైల్ కడిగి, తుడిచి, ఐదు చోట్ల కొలిచాం. మళ్లీ గేజ్ ఆర్ అండ్ ఆర్ చేస్తే కొలత సిగ్మా 0.02.

అప్పుడు కనపడింది అసలుది. చెకర్ వైపు అంచు 10.0 ఉంటే అవతలి అంచు 9.7. మూడు వంతుల టైల్స్‌లో ఇదే వాలు. మేం కొలిచిన వైపు ఎప్పుడూ బాగుంది. కొన్నోళ్లు అవతలి మూలలు కూడా కొలిచారు.

పొదలకూరు_లేత్ | మంగళవారం, రాత్రి 10:48

బెల్ట్ చూసినావా? హెడ్ల కింద టైల్‌ని మోసుకుపోయే బెల్ట్. ఒక పక్క అరిగి ఉంటే టైల్ ఆ పక్కకి వాలుద్ది, ఎత్తుగా ఉన్న అంచుని హెడ్ ఎక్కువ తినేస్తది.

చీమకుర్తి_క్యూసీ | బుధవారం, మధ్యాహ్నం 12:20

చూశా అన్నా. చెకర్ వైపు బెల్ట్ నున్నగా, సన్నగా అరిగిపోయి ఉంది. టైల్ అటు కిందికి దిగుతుంది, అవతలి అంచు పైకి లేచి హెడ్ కింద ఎక్కువ అరుగుతుంది. టైల్స్ ఎప్పుడూ ఆ పక్కకే ఆనించి పెడతారు, ఎత్తడానికి దగ్గరని.

బెల్ట్ మార్చాలంటే ఓనరు ససేమిరా అంటన్నాడు. మెయిల్ వచ్చిన రోజు కాలిపర్ రెండు వేలు అంటేనే గొణిగిన మనిషి.

ఒంగోలు_మాస్టారు | బుధవారం, రాత్రి 8:15

మీ ఓనరుగారికి ఒక కథ చెప్పండి, అది కూడా టైల్స్ కథే. 1953లో జపాన్‌లో ఇనా సెయితో అనే టైల్స్ కంపెనీ. బట్టీలో లోపలి టైల్స్ ఒక సైజు, బయటి వరసలవి ఇంకో సైజు. కారణం తెలుసు: వేడి అన్ని చోట్లా సమానంగా లేదు. కొత్త బట్టీ కట్టాలంటే బోలెడు డబ్బు. వాళ్లు బట్టీ జోలికి పోలేదు. మట్టిలో కలిపే పాళ్లను రకరకాలుగా మార్చి, తక్కువ ప్రయోగాల్లో తేలేలా వరసకట్టి పరీక్షించారు. సున్నం పాలు ఒక శాతం నుంచి ఐదు శాతానికి పెంచితే, వేడి ఎటూ తేడాగానే ఉన్నా టైల్ సైజు మాత్రం అంతగా మారలేదు. టగూచి అనే జపాన్ ఇంజనీరు పద్ధతికి పేరు తెచ్చిన ఉదాహరణ ఇది.

ఆ టగూచి మరుసటేడు, 1954లో, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి పనిచేశాడు. ఆ వరసకట్టే పట్టికలకి గణితపు పునాది వేసిన వాళ్లలో అక్కడి సి.ఆర్. రావు గారు ముఖ్యులు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్న మన తెలుగాయన. 2023లో కన్నుమూశారు.

మీకు బెల్ట్ వెంటనే రాకపోతే, ఈలోపు ఖర్చులేని దారి ఒకటి చూడండి: టైల్స్‌ని అరగని మధ్య భాగంలో పెట్టి పంపండి, వాలు తగ్గుతుందేమో.

చీమకుర్తి_క్యూసీ | శుక్రవారం, రాత్రి 11:10

బెల్ట్ మీద పసుపు పెయింట్‌తో రెండు గీతలు గీశాం, టైల్ ఆ మధ్యలోనే పెట్టాలని. వాలు 0.3 నుంచి 0.12కి వచ్చింది. ఆ కాగితం తీసుకుపోయి ఓనరు ముందు పెట్టా. మాస్టారు చెప్పిన జపాన్ కథ విని, “సున్నం వేస్తే మన రాయి కూడా బాగుపడుద్దా?” అన్నాడు. గ్రానైట్‌ని మనం వండట్లేదు సార్ అన్నా. కాసేపు ఆ కాగితం చూసి బెల్ట్ ఆర్డర్ పెట్టాడు.

కంటైనర్_బాబాయ్ | శనివారం, ఉదయం 7:40

కొన్నోడు ఏమన్నాడు మరి?

చీమకుర్తి_క్యూసీ | శనివారం, ఉదయం 8:05

పాత కంటైనర్‌కి మూడు శాతం తగ్గించాం బాబాయ్, మీరు చెప్పిన ఐదు కాదు. వాళ్ల కొలత సందేహం అడిగితే హద్దు పక్కనున్న కొన్ని టైల్స్ వాళ్లే వదులుకున్నారు. కొత్త కంటైనర్‌కి ఐదు చోట్ల కొలిచిన కాగితం జతచేసి పంపుతున్నాం.

చీమకుర్తి_క్యూసీ | మూడు వారాల తర్వాత, సోమవారం, ఉదయం 9:15

లేతన్నా, ఉన్నావా? గేజ్ సరిగ్గా ఉందో లేదో తెలియడానికి ఒక టైల్‌ని పక్కన దాచి, రోజూ షిఫ్ట్ మొదట్లో దాన్నే కొలుస్తన్నాం. మొదటి రోజు 10.02. రెండు వారాలు 10.02, 10.01, 10.02. ఇప్పుడు నాలుగు రోజులుగా 10.05, ఇవాళ 10.06. రాయి పెరగదు గదా. డయల్ బంతి కింద భూతద్దం పెట్టి చూస్తే మొన చప్పగా అరిగి, మిలమిలా మెరుస్తంది.

పొదలకూరు_లేత్ | సోమవారం, ఉదయం 9:32

నువ్వు పెట్టేది మామూలు రాయా, ఉక్కు బంతిని తినేసే రాయి. నాదే పొరపాటు, చేతికి దొరికిన బంతి బిగించినా. మొన అరిగితే డయల్ ముల్లు కిందికి దిగి రాయి సన్నమైనట్టు చూపించాల. నీకు లావైనట్టు చూపిస్తుండాదంటే ఇంకేదో కూడా కదిలింది. కింద బంతి మరలు వదులైనట్టుండాది. టైల్‌ని చేత్తో ఊపి చూడు, టిక్కుమంటదా?

చీమకుర్తి_క్యూసీ | సోమవారం, ఉదయం 9:41

అంటంది అన్నా.

పొదలకూరు_లేత్ | సోమవారం, ఉదయం 9:44

ఇవాళ కొలిచినవన్నీ పక్కన పెట్టించు, ప్యాక్ చెయ్యొద్దు. స్టాండ్ పట్టుకుని మధ్యాహ్నం బండెక్కు. ఉక్కు కంటే గట్టివి, కార్బైడ్ బంతులు ఉండాయి నా దగ్గర. ఆ దాచిన టైల్ కూడా తీసుకురా, గోనెసంచిలో చుట్టు.